మోదుగ పాదులో కవర్లు

రెండువేల తొమ్మిది, ఆగస్టు పన్నెండు, బుధవారం. తెల్లవారి సన్నని జల్లు పడింది. తొమ్మిదయ్యేసరికి తెరిపిచ్చి పల్చటి ఎండ కాసింది. అడవి కథకు తారీఖేమిటి తాతయ్యా అంటారేమో. అనగనగా ఒక అడవిలో అని మొదలయ్యే కథలు ఏనాటివో చెప్పేవాళ్ళకే తెలియదు. ఇది ఏనాటిదో నాకు తెలుసు, అంతే.

ఆ అడవిలో ప్రతి బుధవారం ఒక పెద్ద మోదుగ చెట్టు కింద జంతువుల సంత జరిగేది. ఎలుగుబంటి భల్లయ్య తేనెపట్టు ముక్కలు తెచ్చేవాడు. కుందేలు సీతాలు దుంపలు తెచ్చేది. కొండముచ్చు సింగన్న ఉసిరికాయలు తెచ్చేవాడు, వాటికంటే ఎక్కువ కబుర్లు తెచ్చేవాడు. ముసలి గిజిగాడు గడ్డన్న రెల్లుగడ్డితో సంచులు అల్లి ఇచ్చేవాడు. ఒక్క సంచి ఏడాది వచ్చేది. పిగిలితే ఊరికే బాగుచేసేవాడు. మా ఆవిడ నా పాత ప్యాంటుతో కుట్టిన కూరగాయల సంచి పదకొండేళ్ళు వచ్చింది. ప్యాంటుగా అది రెండేళ్ళే వచ్చింది. సరే, ఆ సంగతి అలా ఉంచండి.

ఆ సంతకు ఒక ఆచారం ఉండేది. చివికిన సంచిని ఎక్కడపడితే అక్కడ పారేసేవాళ్ళు కాదు. మోదుగ పాదులో పరిచి, "నీడనిచ్చావు తల్లీ, ఇది తిను" అని దండం పెట్టేవాళ్ళు. గడ్డి కదా, మట్టిలో కలిసి చెట్టుకు ఎరువయ్యేది.

ఆ బుధవారం సింగన్న ఒక కట్ట ఊపుకుంటూ వచ్చాడు. ఘాట్ రోడ్డు మీద వ్యాన్లు ఆగేచోట ఏరుకొచ్చిన ప్లాస్టిక్ కవర్లు అవి.

"ఏం మామా, ఇంకా ఆ గడ్డిమోపేనా? ఇదిగో కవరు. బరువుండదు, వాన దిగదు. వాడు, పడెయ్!"

"తడిస్తే చివకదూ?" అన్నాడు భల్లయ్య.

"నువ్వు చివుకుతావు గానీ ఇది చివకదు!"

కొమ్మ మీద నుంచి గడ్డన్న అన్నాడు: "చివకనిదాన్ని పాదులో వేస్తే చెట్టు ఏం తింటుందిరా సింగా?"

"తాతకు సంచులు అమ్ముడుపోవని బెంగ!" అన్నాడు సింగన్న. అందరూ నవ్వారు.

మొదటి వారం సగంమంది కవర్లు పట్టారు. రెండో వారం సంచి తెచ్చింది సీతాలు ఒక్కతే. మూడో వారం ఆమె కూడా తేలేదు. గడ్డన్న ఏడు సంచులు ముందేసుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఆచారం మాత్రం ఎవరూ మానలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు పిల్లలూ. వాడేసిన కవర్లన్నీ పాదులోనే పరిచి, "ఇది తిను తల్లీ" అని భక్తిగా దండం పెట్టేవాళ్ళు.

ఆ సాయంత్రం చుక్కల జింక చుక్కమ్మ పాదు దగ్గర మేస్తోంది. పక్కన పాలు మరవని కూన. ఒక కవరుకు మిక్చర్ ఉప్పు అంటుకుని ఉంది. జింకలకు ఉప్పంటే ప్రాణం. నాకుతూ నాకుతూ కవరు మింగేసింది.

రెండు రోజులు మేత ముట్టలేదు. మూడోనాడు నెమరు వేయబోతే కవరు పైకొచ్చి గొంతులో ఇరుక్కుంది. ఊపిరి ఈలలా వస్తోంది. కూన పొదుగు కుమ్ముతోంది, పాలు రావడం లేదు.

భల్లయ్య వచ్చాడు. అతని చెయ్యి జింక నోట్లో పట్టలేదు. సింగన్న కొస పట్టి లాగాడు. కొస సాగి తెగింది, చుక్కమ్మ విలవిల్లాడింది. ఇక అందరూ గడ్డన్న వైపు చూశారు. అడగడానికి మాత్రం ఎవరికీ మొహం చెల్లలేదు.

"తాతా..." అన్నాడు సింగన్న.

"తర్వాత తిడతాలే. ముందు ఆ దవడలు పట్టుకో!"

గిజిగాడు ఆకు అంచున ముక్కుతో గంటు పెట్టి, సన్నని పోగులా చీల్చుకుంటాడు. ఎంతటి ఆకైనా అంతే. గడ్డన్న జింక నోట్లోకి దూరాడు.

"చుక్కమ్మా, దగ్గొచ్చినా నోరు మూయకు తల్లీ. లోపల నేనున్నా!"

గంటు పెట్టడం, చీల్చడం, పోగు బయట వేయడం. మళ్ళీ లోపలికి. రెక్కలు తడిసి ముద్దయ్యాయి. మధ్యాహ్నం దాటాక చివరి ముద్ద బయటికొచ్చింది. చుక్కమ్మ గుండెనిండా గాలి పీల్చింది. నాలుగు గుక్కలు నీళ్ళు తాగి, గడ్డన్నను తల నుంచి తోకదాకా నాకింది.

"నా పిల్లకు తల్లిని మిగిల్చావు తాతా."

ఆ సాయంత్రమే అందరూ పాదు తవ్వి కవర్లన్నీ ఏరేశారు. మరుసటి బుధవారానికి ఏడు సంచులూ చాలక, గడ్డన్న కొత్తవి అల్లాడు. అల్లడం మనవలకూ నేర్పాడు.

ఆ చలికాలం దాటాక ముసలాయన పోయాడు. రెల్లుదుబ్బు, పనితనం మనవలకు వచ్చాయి. గూడు, ఇల్లులేని జీనువాయి పిట్టల జంటకు వచ్చింది. సగం అల్లిన సంచి చుక్కమ్మ కూనకు వచ్చింది. సింగన్నకు ఏమీ రాలేదు.

"పోనీలేరా," అని భల్లయ్య ఓదార్చబోయాడు.

"తర్వాత తిడతానన్నాడు మామా," అన్నాడు సింగన్న. "తిట్టకుండానే పోయాడు."

నీతి: నీడనిచ్చిన చెట్టుకు దండం పెడితే సరిపోదు, దాని పాదులో కవరు పడకుండా ఇంటి నుంచి సంచి పట్టుకెళ్ళడమే అసలైన కృతజ్ఞత.