జోడుగవినిలో ఊరు చూపే సుంకన్న

ఊఁ కొట్టేవాళ్ళు ఊఁ కొట్టండి, నిద్రొచ్చినవాళ్ళు పడుకోండి. కథ మాత్రం తన దారిన తాను నడుస్తుంది.

అనగా అనగా, మా తాతల తాతలు కూడా పుట్టకముందు, రాళ్ళసీమలో జోడుగవిని అని ఒక ఊరు ఉండేది. గవిని అంటే కోటగోడకు పెట్టిన పెద్ద వాకిలి. ఆ ఊరికి తూర్పున ఒక గవిని, పడమట ఒక గవిని. అందుకే జోడుగవిని. ఒకప్పుడు రాజులు ఏలిన ఊరే. రాజులు పోయారు. ఏనుగులు పోయాయి. అంగళ్ళు పోయాయి. గోడలు మిగిలాయి. ఆ గోడల నడుమ కొంతమంది మనుషులు మిగిలారు.

ఆ మనుషుల్లో సుంకన్న ఒకడు. తూర్పు గవిని దగ్గర తలగుడ్డ పరుచుకుని కూర్చునేవాడు. బాటసారులు వస్తే వాళ్ళ మూట నెత్తికెత్తుకుని, పడమటి గవిని అవతలున్న సత్రం దాకా మోసేవాడు. పిడికెడు జొన్నలు పెడితే తీసుకునేవాడు. పెట్టకపోతే లేదు.

మూట మోస్తూ ఊరు చూపేవాడు. ఎవరూ అడిగిన పని కాదది. రెండు చేతులూ మూట మీదుంటాయి కాబట్టి గడ్డం ఎత్తి చూపేవాడు. ఎక్కడ ఆగినా ఒకే మాటతో మొదలుపెట్టేవాడు.

తూర్పు గవిని కింద ఆగేవాడు.

"ఇక్కడ ఒక మనిషి ఉండె. రాళ్ళు కొట్టేవాడు. పైన చూడు నాయనా, ఆ అడ్డరాయి. దాన్ని ఎత్తి నిలబెట్టినాక సన్నగా బీట కనపడెనంట. 'దీని కింద నా ఏనుగు నడవదు' అనె రాజు. ఆ మనిషి మారుమాట ఆడలా. ఇంటికిపోయి చాప తెచ్చుకున్నాడు. వానకాలమంతా ఆ రాయి కిందే పడుకున్నాడు. పడితే ముందు నా మీదనే పడనీ అన్నాడు. రాయి పడలేదు. ఇప్పటికీ పడలేదు."

బట్టలకు రంగులద్దే అద్దకంవాళ్ళ వీధిలో ఆగేవాడు.

"ఇక్కడ ఒక మనిషి ఉండె. ముసలమ్మ. కొడుకులిద్దరూ కొట్లాడుకుని ఇంటి నడుమ మట్టిగోడ పెట్టుకున్నారు. తల్లి చిన్నోడి వంతుకొచ్చె. గోడ ఇంకా పచ్చిగా ఉండగానే ఆయమ్మ చెయ్యి పెట్టి బెజ్జం చేసె. కూరగిన్నె పట్టేంత బెజ్జం. అన్నదమ్ములు చచ్చేదాకా మాట్లాడుకోలేదు నాయనా. గిన్నె మాత్రం ఆ పక్కకీ ఈ పక్కకీ పోతా వస్తా ఉండె."

శెట్టిగారి ఇంటి ముందు ఆగేవాడు.

"ఇక్కడ ఒక మనిషి ఉండె. శెట్టి పెండ్లాము. కరువొచ్చె. ఇంట్లో జొన్నలున్నాయి, అంబలి కాచేదానికి కట్టెలు లేవు. చుట్టుపట్ల చెట్టన్నది మిగల్లేదు. ఆయమ్మ వీధి తలుపు ఊడబీకి పొయ్యిలో పెట్టె. 'తలుపుంటే తట్టల్ల. ఆకలిగొన్నోనికి తట్టే ఓపిక యాడుంటాది?' అనె. ఆ పొద్దునుంచి ఈ ఇంటికి తలుపు లేదు."

చివరికి పడమటి గవిని. అక్కడా ఒక కథ ఉండేది. కానీ అప్పటికి పొద్దు వాలేది. ఆ పక్క ఇళ్ళు లేవు. నడిచి నడిచి అలసిన బాటసారులు సగం విని, సత్రంలో దీపం కనపడగానే అడుగు వేగం చేసేవాళ్ళు.

మరి ఊరివాళ్ళు వినేవాళ్ళా అంటే, ఎక్కడ విన్నారు! "మొదలుపెట్టినాడప్పా సుంకన్న" అని నవ్వుకునేవాళ్ళు. అద్దకంవాళ్ళ ఇంటి లచ్చుమక్కకైతే ఆ కూరగిన్నె కథంటేనే విసుగు. గోడకు ఆ పక్క దాయాదులతో తనకు మాటల్లేవు. బెజ్జానికి పాతగుడ్డ కుక్కి పెట్టింది. శెట్టి ఇంటి నాగిశెట్టి అయితే, "నా ఇంటి గుట్టు దారినపోయేవాళ్ళకు నీవెందుకు చెప్తావురా?" అని కోప్పడేవాడు. సుంకన్న తల ఊపేవాడు. మరునాడు మళ్ళీ చెప్పేవాడు.

ఏళ్ళు గడిచాయి. సుంకన్న ముసలివాడయ్యాడు. మూట బరువు ఓర్చుకున్నాడు గాని, మాటలు ఒక్కొక్కటే జారిపోసాగాయి. మొదట పేర్లు పోయాయి. తర్వాత కథలు ఒకదానిలోకి ఒకటి దూరాయి. గవిని కింద నిలబడి కూరగిన్నె అన్నాడు. కూరగిన్నె దగ్గర నిలబడి ఏనుగు అన్నాడు. ఆయన భార్య ఓబులక్క అది కనిపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి మూట తన నెత్తికెత్తుకుని పక్కన నడిచింది. ఆయన ఆగినచోట మెల్లగా అందించేది. "చాప" అనేది. "బెజ్జం" అనేది. "తలుపు" అనేది. ఆ మాట పట్టుకుని ఆయన మిగతాది చెప్పుకుపోయేవాడు.

ఒకనాడు అన్నం తింటూ అడిగాడు. "ఓబులా, ఇది ఏ ఊరే?"

ఓబులక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మన ఊరేలే. తిను" అంది.

అలా ఉండగా ఆ సీమను ఏలే దొర దగ్గరి నుంచి కబురొచ్చింది. దొర కొత్తకోట కట్టుకుంటున్నాడు. దానికి రాళ్ళు కావాలి. కొండ తొలిచి కొత్తరాయి తీయడమెందుకు, జోడుగవినిలో చెక్కిన రాళ్ళు ఊరికే పడున్నాయి కదా అన్నారు కొలువులోవాళ్ళు. గవినులు విప్పాలి, గోడలు విప్పాలి, ఇళ్ళ పునాదులు విప్పాలి. అక్కడివాళ్ళకు వేరేచోట గుడిసెలు వేయిస్తాం అన్నారు.

ఊరిపెద్ద చెన్నప్ప పరుగున పోయి దొర కాళ్ళ మీద పడ్డాడు. "మా ఊరు తీయొద్దు దొరా."

"ఏముంది మీ ఊళ్ళో, రాళ్ళు తప్ప?" అన్నాడు దొర.

చెన్నప్ప కాళ్ళు వదల్లేదు. దొర చెడ్డవాడు కాడు. తెలియనివాడు. "సరే, నేనే వచ్చి నడుస్తాను. మీవాళ్ళు చూపించండి. ఎక్కడ రాయి తప్ప ఇంకేమైనా కనపడితే అక్కడ రాయి ముట్టను. కనపడనిచోట విప్పుకుపోతాను" అన్నాడు.

చెన్నప్ప తిరిగొచ్చి తిన్నగా సుంకన్న గుడిసెకు పోయాడు. ఓబులక్క అడ్డం వచ్చింది.

"ఆయన వల్ల కాదన్నా. మాటలన్నీ రాలిపోయినాయి. నేను అందించినా పట్టుకోలేకపోతున్నాడు."

"మరి నీవు చెప్తావా అక్కా?"

"నాకు ఒక్కొక్క మాటే తెలుసు. ఆయనకు అందించే మాట. కథ ఆయనది."

చెన్నప్ప ఊళ్ళో అడిగాడు. రాతిపని కొండన్నను అడిగాడు. లచ్చుమక్కను అడిగాడు. నాగిశెట్టిని అడిగాడు. "మాకేం తెలుసు? సుంకన్నే చెప్పల్ల" అన్నారు ముగ్గురూ. అప్పుడు గుడిసెలోంచి సుంకన్నే బయటికొచ్చాడు. తలగుడ్డ చుట్టుకున్నాడు. "ఎవరో కొత్తవాళ్ళు వస్తున్నారంటనే. మూట యాడ?" అన్నాడు.

దొర వచ్చాడు. వెంట కొలతల తాళ్ళు పట్టుకుని పనివాళ్ళొచ్చారు. ఊరంతా గవిని దగ్గర గుమిగూడింది. సుంకన్న దొరకు దండం పెట్టాడు. అడ్డరాయి కింద నిలబడి గడ్డం ఎత్తాడు.

"ఇక్కడ ఒక మనిషి ఉండె."

అంతే. ఆ పైన మాట రాలేదు. "చాప" అంది ఓబులక్క మెల్లగా. సుంకన్న ఆమె వంక చూసి నవ్వాడు. ఆ మాట కూడా ఆయనకు కొత్తదైపోయింది. పనివాళ్ళు తాడు విప్పి రాయికి ఆనించారు.

"ఉండె దొరా!"

గుంపులోంచి వచ్చిందా మాట. రాతిపని కొండన్న. పదిమందిలో నోరు విప్పి ఎరగనివాడు. "ఉండె. రాళ్ళు కొట్టేవాడు. పైన చూడండి దొరా, ఆ రాయి ఎత్తినాక సన్నగా బీట కనపడెనంట..." అని మొదలుపెట్టాడు. ఆగలేదు. రాజు మాట, ఏనుగు, చాప, వానకాలం, అన్నీ వచ్చాయి. ఎక్కడ నేర్చుకున్నాడో కొండన్నకే తెలియదు. గవిని పక్కన రాయి కొడుతూ కొడుతూ, వద్దనుకుంటూనే ఏళ్ళ తరబడి విన్నాడు. ఉలి దెబ్బల నడుమ చెవిలో పడింది పడినట్టే ఉంది.

దొర తల వెనక్కి వంచి బీట వెతికాడు. కనపడింది. తాడు తీయమని చెయ్యి ఊపాడు. తర్వాత అడుగు కొంచెం పక్కకు వేసి, ఎవరో పడుకున్నచోటు దాటినట్టు, దాటాడు.

అద్దకంవాళ్ళ వీధికొచ్చారు. "ఇక్కడ ఒక మనిషి ఉండె" అన్నాడు సుంకన్న. మళ్ళీ ఆగిపోయాడు. అందరూ లచ్చుమక్క కోసం చూశారు. లచ్చుమక్క వీధిలో లేదు. ఇంటి తలుపు తెరిచే ఉంది. దొర లోపలికి వంగి చూశాడు. మట్టిగోడ, గోడలో గుడ్డ కుక్కిన బెజ్జం. అవతలి పక్కనుంచి ఎవరో ఆ గుడ్డను లాగుతున్నారు. గుడ్డ జారి పడింది. బెజ్జంలోంచి ఒక గొంతు వినిపించింది. గోడకు ఆ పక్క దాయాది ఇంటి ఆడమనిషిది.

"ముసలమ్మ దొరా. కొడుకులిద్దరూ కొట్లాడుకుని నడుమ గోడ పెట్టుకున్నారు..."

"గోడ పచ్చిగా ఉండగానే ఆయమ్మ చెయ్యి పెట్టి బెజ్జం చేసె" అంది ఈ పక్క గోడ వారన నిలబడ్డ లచ్చుమక్క.

ఆ పక్క ఒక మాట, ఈ పక్క ఒక మాట. కథ గోడకు అటూ ఇటూ నడిచింది. కథ అయిపోయింది. అప్పుడు ఆ పక్కనుంచి ఒక గిన్నె వచ్చింది. గోంగూర పప్పు. లచ్చుమక్క దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. దొర ముందు దాచుకోలేక ఏడ్చింది.

శెట్టి ఇంటికొచ్చారు. ఈసారి సుంకన్న ఆ మొదటి మాట కూడా అనలేదు. తలుపులేని గుమ్మం దాటి లోపలికి నడిచాడు. వసారాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దోసిలి పట్టాడు.

"అమ్మా, ఇంత అంబలి పోయవా?"

నాగిశెట్టి ఒక్కడే కదిలాడు. లోపలికి పోయి అంబలి ముంత తెచ్చి దోసిట్లో తానే పోశాడు. సుంకన్న తాగినంతసేపూ వంగి పోశాడు.

"ఈ ఇంటికి తలుపు లేదేం?" అన్నాడు దొర.

నాగిశెట్టి చెప్పాడు. కరువు చెప్పాడు, కట్టెలు చెప్పాడు, పొయ్యి చెప్పాడు. చివర, "నాకు ఇది నామోషీగా ఉండేది దొరా. వడ్రంగికి కొత్త తలుపు పురమాయించినాను. ఇంక వద్దని చెప్తా" అన్నాడు.

అక్కడినుంచి పడమటి గవినికి నడిచారు. పొద్దు వాలుతోంది. సుంకన్న గవిని కింద నిలబడ్డాడు. "ఇక్కడ ఒక మనిషి ఉండె" అన్నాడు.

కొండన్న లచ్చుమక్క వంక చూశాడు. లచ్చుమక్క నాగిశెట్టి వంక చూసింది. నాగిశెట్టి చెన్నప్ప వంక చూశాడు. ఒక్కరికీ తెలియదు. ఓబులక్కకు కూడా తెలియదు. ఆయన ఆ గవిని దగ్గర ఆగితే, ఆమె ఎప్పుడూ మూట దించడానికి ముందే సత్రానికి నడిచేది.

"ఎవరు?" అని అడిగాడు దొర. తొందరపెట్టలేదు. "ఇక్కడ ఎవరు?" అని రెండోసారి అడిగాడు. "ఎవరు?" అని మూడోసారి అడిగాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మాటంటే మాట. ఊరు మీది. ఈ గవిని నాది."

బండ్లొచ్చాయి. పడమటి గవిని రాయి వెంబడి రాయి కదిలిపోయింది. ఊరు మిగిలింది.

ఆ తర్వాత ఊరివాళ్ళు వంతులవారీగా సుంకన్న గుడిసెకు పోయేవాళ్ళు. "పడమటి గవిని దగ్గర ఎవరుండిరి తాతా?" అని అడిగేవాళ్ళు. చెవి ఆయన నోటి దగ్గర పెట్టేవాళ్ళు. ఆయన నవ్వేవాడు. "మంచి మనిషి" అన్నాడు ఒకసారి. "పాపం" అన్నాడు ఇంకోసారి. అంతకుమించి రాలేదు. ఆ ఏడు వానకాలం చివర్లో సుంకన్న నిద్రలోనే పోయాడు.

కర్మనాడు ఊరంతా ఆ గుడిసె ముందు చేరింది. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెప్పబోయారు. అప్పుడు లచ్చుమక్క అడిగింది. "ఆయన ఏ ఊరోడు అక్కా? అమ్మానాయన ఎవరు?"

ఓబులక్క తల అడ్డంగా ఆడించింది. "తెలీదమ్మా. పడుచువాడిగా ఉన్నప్పుడు మూటతో వచ్చినాడు. పెండ్లయిన కొత్తలో అడిగితే, ముందు ఈ ఊరు చూడు, నా సంగతి తర్వాత చెప్తా అనె. నేనూ మళ్ళా అడగలేదు."

ఊరందరి ఇళ్ళ కథలూ చెప్పినవాడి ఇంటి ముందు చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఎవరూ అడగలేదు మరి.

ఆనాటినుంచి జోడుగవినిలో ఊరు చూపడానికి ఒక మనిషంటూ లేడు. ఏ గడప దగ్గర ఆగితే ఆ గడపవాళ్ళే లేచి వచ్చి చెబుతారు. ఆ ఇంటివాళ్ళు పొలం పోయుంటే పక్కింటివాళ్ళు చెబుతారు. కొత్తకోడలు కాపురానికి వస్తే తన ఇంటి కథతో పాటు ఎదురింటి కథ కూడా నేర్చుకుంటుంది. రాళ్ళు పోయిన పడమటి వైపు బోసిగా ఉంటుంది. అక్కడ ఊరికే కాసేపు నిలబడతారు.

చివరికి సుంకన్న గుడిసె ఉన్నచోటికి తీసుకుపోతారు. అక్కడ గోడ లేదు, గుర్తు లేదు. నాలుగు చాపలు పరుస్తారు, మజ్జిగ ఇస్తారు. అక్కడ మాత్రం జోడుగవినివాళ్ళు ఏమీ చెప్పరు. అంతసేపూ విన్న కొత్తవాళ్ళ వైపు తిరిగి కూర్చుంటారు.

"ఇంక మీరు చెప్పండి. మీది ఏ ఊరు? మీ ఇంట్లో ఎవరుండిరి?" అని అడుగుతారు.

వాళ్ళు చెప్పినంతసేపూ ఊఁ కొడతారు.