దాలెమ్మ బోసిచెవులు

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా పాలపళ్లు ఊడని కాలంలో, సముద్రం ఒడ్డున ఒక చేపల పేట ఉండేది. ఆ పేటలో దాలెమ్మ ఉండేది. చేపలు ఎండబెట్టి అమ్ముకునేది. అడిగినవాళ్లకు చెవులు కుట్టేది, బరువుకు తెగిన చెవి తమ్మెలు అతికేది. ఆనాటి ఆడవాళ్ల కమ్మల బరువుకు మీకైతే మెడలే వంగిపోతాయి. ఇక తమ్మెలు తెగక ఏం చేస్తాయి!

ఎండిన అంచుల్ని గీకి, నెత్తురు చెమర్చాక రెండూ కలిపి కుట్టేది. పసుపూ నూనే రాసేది. మళ్లీ కమ్మలెప్పుడు పెట్టుకోవాలని అడిగితే ఒకటే మాట.

"మాననీ తల్లీ, మానాక చూద్దాం."

ఆ పేటకు వరాలు కొత్తకోడలుగా వచ్చింది. అత్త కన్నమ్మ ముచ్చటపడి తన తల్లినాటి కమ్మలు పెట్టింది. ఆ బరువుకు ఎడమ తమ్మె తెగింది. దాలెమ్మ కుట్టింది.

ఇంతలో అమ్మవారి పండగ. చుట్టాల ముందు కోడలు బోసిచెవితో తిరిగితే ఎలాగని కన్నమ్మ పచ్చి అతుక్కే కమ్మ తగిలించింది. తమ్మె మళ్లీ తెగింది. దాలెమ్మ మళ్లీ కుట్టింది. ఈసారి చీము పట్టి, అతుకు వంకరగా మానింది. వరాలు కుండ నీళ్లలో ముఖం చూసుకుని ఏడ్చింది.

"దీన్ని విప్పి సరిగ్గా కుట్టవా పెద్దమ్మా?"

"కుడతానే గుంటా. ముందు ఈ మచ్చ మెత్తబడాల. మాననీ తల్లీ, మానాక చూద్దాం."

ఎండలు పోయాయి, వానలు పోయాయి, చలిగాలి వచ్చింది. అప్పుడు దాలెమ్మ మూడోసారి సూది పట్టింది. కుట్టాక కన్నమ్మను పిలిచి చెప్పింది.

"వదినా, ఈసారి తెగిందంటే మరి కుట్టడానికి కండ మిగల్దు."

సరిగ్గా అప్పుడే వరాలు మొగుడు అసిరయ్య పెద్ద పడవెక్కి దూరపు రేవుకు వెళ్లాడు. మగవాడు నీళ్లమీద ఉంటే ఆలి చెవులు బోసిగా ఉండకూడదని ఆ పేట నమ్మకం. కన్నమ్మకు ఒక్కడే కొడుకు. కంటిమీద కునుకు లేదు. ఆఖరికి కమ్మ పట్టుకుని కోడలి దగ్గరకు వచ్చేసింది. అతుక్కి పసుపు రాయడానికి వచ్చిన దాలెమ్మ అడ్డంగా నిలబడింది.

"నా కొడుక్కి ఏటైనా అయితే?" అంది కన్నమ్మ.

"ఆ పడవలోనే నా మొగుడూ ఉన్నాడు కదా వదినా."

అంటూనే దాలెమ్మ తన కమ్మలు రెండూ తీసి కొంగున ముడేసుకుంది. "ఈ గుంట చెవి మానేదాకా నావీ బోసిచెవులే. కీడొస్తే నాకూ వస్తాది."

కన్నమ్మ చెయ్యి దిగిపోయింది. తన తమ్మె కోసం ఒకరు ఇంత పని చేస్తారని వరాలు కలలో కూడా అనుకోలేదు.

ఊరు ఊరుకుంటుందా? నూతి దగ్గర అన్నారు, వలల దగ్గర అన్నారు, సంతలో అన్నారు. దాలెమ్మ నవ్వేసి, "మాననీ తల్లీ, మానాక చూద్దాం" అనేది.

పడవ ఇంకా రాలేదు. చెవి ఇంకా మానలేదు. దాలెమ్మకు జ్వరం తగిలింది. తగిలిన జ్వరం దిగలేదు. ఒకనాటి పొద్దున్న దాలెమ్మ కన్నుమూసింది.

"ముత్తైదువ బోసిచెవులతో ఎల్తాదా?" అన్నారు కొందరు.

"మాటిచ్చింది కదా, ఎలా పెడతాం?" అన్నారు ఇంకొందరు.

వరాలు ఏడుస్తూ లేచింది. "నా చెవికి కమ్మ పెట్టేయండి. తెగితే తెగనీండి. మా పెద్దమ్మ మాట తీరిపోతాది."

కన్నమ్మ ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. తన చెవుల కమ్మలు తీసేసింది.

"ఆ మాట ఇంక నాది. దాలెమ్మని నిండుగా పంపండి."

కొంగు ముడి తానే విప్పి, దాలెమ్మ కమ్మలు దాలెమ్మ చెవులకు తానే పెట్టింది.

కొన్నాళ్లకు పడవ వచ్చింది. అందరూ క్షేమం. దాలెమ్మ మొగుడు ఒడ్డున నిలబడి ఆలి కోసం చూశాడు. కన్నమ్మే బోసిచెవులతో ముందుకు నడిచి చెప్పింది.

వరాలు చెవి మానింది. సన్నటి గీత మిగిలింది, అంతే. ఆ గీత పక్కన చెవి కొత్తగా కుట్టి, తేలికపాటి కమ్మ పెట్టాకే కన్నమ్మ తనవి పెట్టుకుంది.

ఇప్పటికీ ఆ ఒడ్డున పిల్లకు చెవులు కుడితే, ఇంట్లో పెద్దావిడ తన కమ్మలు తీసి కొంగున ముడేసుకుంటుంది. చెవి సలిపి పిల్ల ఏడిస్తే ఒళ్లో కూర్చోబెట్టుకుని, తన బోసిచెవి తడిమి చూడమంటుంది. చూశాక చెబుతుంది.

"మాననీ తల్లీ, మానాక చూద్దాం."