రంగులరాట్నం ఎక్కిన నక్క

తిరునాళ్లు ముగిసి జనం వెళ్లిపోయారు. రంగులరాట్నం మాత్రం ఊరి చివర బీడులోనే ఉంది. దాన్ని తిప్పే ఎద్దు బూడిదయ్య దూలానికి కట్టేసిన చోటే నిలబడి నెమరు వేస్తున్నాడు. యజమాని ఇరుసుకు ఆముదం తేవడానికి వెళ్లాడు.

మధ్యాహ్నం వేళ జిత్తయ్య అనే నక్క కుంటుకుంటూ వచ్చాడు.

"మామా, మోకాళ్లు పట్టేశాయి. నాలుగు చుట్లు తిరిగితే సడలుతాయన్నారు. కాస్త తిప్పవూ."

అడిగినవాణ్ణి కాదనడం బూడిదయ్యకు అలవాటు లేదు. జిత్తయ్య అంచునున్న కొయ్యగుర్రం ఎక్కి, కమ్మీ పట్టుకున్నాడు. బూడిదయ్య నడక మొదలుపెట్టాడు.

"నడక కాదు మామా, పరుగందుకో."

నాలుగో చుట్టులో జిత్తయ్య అన్నాడు: "నన్నెవరో బయటికి తోస్తున్నారు."

"గుర్రం మీద నువ్వొక్కడివే అల్లుడూ."

"ఎవరైతేనేం, మంచివాడే. కోళ్ల దడి వైపుకే తోస్తున్నాడు."

రాట్నం పక్కనే ఎత్తయిన ముళ్లదడి. దాని లోపల చుక్కమ్మ అనే పెట్ట, పదకొండు పిల్లలు. మోకాళ్ల సంగతి బూడిదయ్యకు అప్పుడర్థమైంది.

"పట్టు వదిలితే దడి దాటి లోపల పడతాననుకుంటున్నావా?"

"మరెక్కడ పడతాను?"

"పదేళ్లుగా దీన్ని తిప్పుతున్నాను. పిల్లల చేతుల్లోంచి జారిన బొంగరాలు చూశాను, పెద్దల చెప్పులు చూశాను. ఒక్కటీ అలా పక్కకు పోలేదు. నిన్నెవరూ తోయట్లేదు. నీ ఒళ్లు తిన్నగా ముందుకు పోతానంటోంది, ఆ కమ్మీ లోపలికి లాగి మలుపుతోంది. వదిలావంటే నీ ముక్కు ఎటుంటే అటే పోతావు."

జిత్తయ్య నవ్వాడు. "ఇంత నున్నటి అబద్ధం నేను కూడా ఆడలేదు. కోళ్లు నీకు చుట్టాలా?"

"ఇరుగుపొరుగు. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు, దిగిపో."

బూడిదయ్య కాళ్లు బిగబట్టి ఆపబోయాడు. ఊపందుకున్న రాట్నం వెనకనుంచి దూలంతో అతన్నే నెట్టుకుపోయింది. మెడ నరాలు తెగిపోతాయేమో అనిపించింది.

"చుక్కమ్మా, పిల్లల్ని రెక్కల కిందికి తీసుకో."

"తీసుకున్నానన్నా. నువ్వు జాగ్రత్త."

సరిగ్గా దడికి ఎదురుగా రాగానే జిత్తయ్య పట్టు వదిలాడు. దడి మీదుగా పోలేదు. దడి వెంబడి తిన్నగా, ముక్కు చూపిన దారిన ఎగిరి, తిరునాళ్ల వంటలకు తవ్విన గాడిపొయ్యిలో పడ్డాడు. ఆ వెచ్చని బూడిదలో అయిదు ఊరకుక్కలు పడుకుని ఉన్నాయి.

ముసలి కుక్క ఒక కన్ను తెరిచింది. "ఎవరి కోసం వచ్చావు బాబూ?"

జిత్తయ్య ఒక్క గెంతున పొయ్యిలోంచి బయటపడ్డాడు. తోకలో సగం కుక్కల నోట్లో వదిలి, అడవి దారి పట్టాడు.

పట్టు వదిలినవాడు పోయేది కోరుకున్న వైపు కాదు, అప్పటిదాకా పోతున్న వైపు.