మీసం దక్కించిన మట్టికట్ట

తుంగభద్ర ఒడ్డున గుమ్మడిదొడ్డి అని ఒక ఊరు ఉండేది లెండి. పాతకాలం సంగతి. ఏటికి ఇవతల ఒక రాజు, అవతల ఇంకో రాజు. ఆ ఊరివాళ్ళకి తమ తెలివంటే ఎంత మిడిసిపాటో! "దేవుడు బుర్ర మాకు పెట్టాక మిగిలిందే లోకానికి పంచాడు" అనేవాళ్ళు. అసలు పెట్టడమే మరిచిపోయాడని వాళ్ళకెవరు చెబుతారు? పైనుంచి ఏ ఆజ్ఞ వచ్చినా ఊరంతా మూడుసార్లు వల్లించి, పొల్లు పోకుండా చేయడం వాళ్ళ ఆచారం.

ఒకరోజు ఇవతలి రాజుగారి సేనాపతి, దళవాయి, గుర్రం మీద వచ్చి ఊరిపెద్ద బయ్యప్పని పిలిచాడు.

"ఎండాకాలం ఏరు తగ్గగానే అవతలి సైన్యం వచ్చి మీ పాతర్లలో జొన్నలన్నీ ఊడ్చుకుపోతుంది. ఒడ్డు పొడవునా రెండు నిలువుల ఎత్తు మట్టికట్ట వెయ్యండి. దాని ముందు అగడ్త తవ్వండి. అందులో పడ్డవాడు మళ్ళీ పైకి రాకూడదు. శత్రువు ఒక్కడు కట్ట ఎక్కినా, బయ్యప్పా, నీ మీసం గొరిగించేస్తా!"

బయ్యప్ప చప్పున మీసం తడుముకున్నాడు. ఆ మీసానికి రోజూ వెన్న రాసేవాడు మరి. పెళ్ళాం చెన్నక్కకి కూడా అంత వెన్న దక్కేది కాదు.

నిలువంటే మనిషి ఎత్తు కదా! బయ్యప్ప ఒడ్డున నిలబడ్డాడు. బావమరిది ఓబన్న అతని భుజాలెక్కాడు. అంతే! ఊరంతా గంపలతో వాళ్ళ మీదే మట్టి పోయడం మొదలుపెట్టింది. "ఇంకా పొయ్యండి, నా జుట్టు కనబడుతోంది!" అని ఓబన్న కేకలు. కింద బయ్యప్పకి ఊపిరి ఆడటం లేదు. చెన్నక్క లబోదిబోమంటూ వచ్చి ఇద్దర్నీ తవ్వి తీసింది. "కొలత చెడగొట్టావు కదమ్మా!" అని ఊరంతా ఆమెనే తిట్టింది.

తర్వాత అగడ్త. తవ్వుతుండగా ఓబన్న కాలు జారి అందులో పడ్డాడు. తాడు వేస్తే పట్టుకోడే!

"పడ్డవాడు పైకి రాకూడదన్నారు. నేను రాను."

చెన్నక్క గట్టున సంగటిముద్ద పెట్టి, "ఎక్కి తింటావా, కాకులకి వెయ్యనా?" అంది. ఓబన్న గబగబా ఎక్కేశాడు, కళ్ళు గట్టిగా మూసుకుని. పైకొచ్చినట్టు తనకి తెలియకూడదట!

ఎండాకాలం వచ్చింది. శత్రుసైన్యం అగడ్త మీద నిచ్చెనలు పరిచి దాటింది. వాటినే తీసి కట్టకి ఆనించింది. ఇంకేముంది! బయ్యప్ప మీసం రెండు చేతులా పట్టుకుని, "ఎక్కకండి నాయనా, మీ కాళ్ళు మొక్కుతా! ఒక్క ఘడియ ఆగండి!" అని బతిమాలాడు. ఊరంతా గడ్డపారలు తెచ్చి, బండి పట్టేంత కంత కొట్టి, "ఇటు దయచెయ్యండి" అంది. వాళ్ళు తీరిగ్గా నడిచొచ్చి గింజ మిగల్చకుండా పట్టుకుపోయారు.

మర్నాడు దళవాయి వస్తే బయ్యప్ప మీసం మెలేస్తూ ఎదురెళ్ళాడు. "ఒక్కడూ కట్ట ఎక్కలేదండి!"

"ఛీ! ముందు ఆ కంత పూడ్చి చావండి!" అన్నాడు దళవాయి.

మట్టి ఎక్కడిది? పక్కనున్న కట్టే తవ్వి పూడ్చారు. పక్కన ఇంకో కంత పడింది. దాన్ని పూడిస్తే ఆ పక్కన మరోటి. అలా తోసుకుంటూ తోసుకుంటూ కంతని పొలిమేర దాకా తీసుకెళ్ళి పొరుగూరికి అప్పగించారు. దళవాయి తల బాదుకుని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు.

మీసం దక్కిందని బయ్యప్ప ఎగురుకుంటూ ఇంటికొచ్చి, "చెన్నీ, అన్నం పెట్టు!" అన్నాడు.

చెన్నక్కకి ఒళ్ళు మండిపోయింది. "పాతర్లో గింజ లేదు. ఏం వండను, నీ మీసం వండనా?"

అంతే! బయ్యప్ప మంగలి దగ్గరికి పరుగెత్తాడు. నున్నటి మూతితో తిరిగొచ్చి, ఆకుపొట్లం ఆమె చేతిలో పెట్టాడు.

"కాస్త కారం తగ్గించు" అన్నాడు.