అచ్చియ్యమ్మ చిలికింది

అనగా అనగా, కొండేటికి కట్టిన ఆనకట్ట రాళ్లకి ఇంకా సున్నం వాసన పోని రోజుల్లో, దిగువ ఊళ్లో మజ్జిగమ్ముకునే అచ్చియ్యమ్మ ఉండేది. ఆమె కడుపులో ఒక మాట దాగి ఉండేది. మొగుడికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, దేవుడి పటం ముందు కూడా పైకి అనలేదు. ఊరిని ఎండబెడుతున్న పుకారు పుట్టింది ఆమె నోట్లోంచే.

కట్ట కింద పవర్‌హౌసు పెట్టి నీళ్లలోంచి కరెంటు తీస్తారట అని ఎవరో అన్నప్పుడు, అచ్చియ్యమ్మ కుండ దించి, "ఇంకేం, వెన్న వాళ్లు తినేసి మనకి మజ్జిగ పంపుతారు" అంది. నవ్వులాటకే అంది. కానీ ఆ మాట ఆమె కుండకంటే ముందు నడిచింది. మొదటి వీధిలో నవ్వారు. రెండో వీధిలో ఆలోచనలో పడ్డారు. మూడో వీధికి చేరేసరికి, కరెంటు తీసిన నీళ్లలో సారం ఉండదు, చేలు పండవు అని తేల్చేశారు.

ఊరిపెద్ద సన్నినాయుడు ఆ నీళ్లు చేలల్లోకి రాకుండా కాలవ తూముకి పలక దింపించాడు. ఆకుమళ్లలో నారు ఎర్రబడింది. వారంలోగా మీరు నీళ్లడక్కపోతే మీ వంతు పక్క కాలవకి తిప్పేస్తామని కట్ట మీంచి కబురొచ్చింది. అయినా ఎవరూ కదల్లేదు.

అచ్చియ్యమ్మ పవర్‌హౌసుకి మజ్జిగ పోయడానికి వెళ్లి, అక్కడి ఆపరేటరు భాస్కరాన్ని పట్టుకుంది.

"బాబూ, ఆ వెన్న తీసే చోటేదో చూపించు."

అతను మొదట కట్ట మీదికి తీసుకెళ్లాడు. కురిసిన వానలన్నీ అక్కడ కొండల మధ్య ఎత్తుగా నిలబడి ఉన్నాయి. అక్కడ వెన్న లేదు. తర్వాత ఏనుగు దూరేటంత గొట్టం చూపించాడు. అంతెత్తు నించి నీళ్లు అందులోంచి కిందికి ఉరుకుతున్నాయి. అక్కడా లేదు. మూడోసారి లోపలికి దింపాడు. కాళ్ల కింద నేల అదురుతోంది. నీళ్లొచ్చి రెక్కల చక్రాన్ని తోస్తే, చక్రం ఇరుసుని తిప్పుతోంది. ఇరుసుకున్న అయస్కాంతాలు రాగితీగ చుట్టల మధ్య గిర్రున తిరుగుతుంటే, ఆ తీగల్లో కరెంటు పుడుతోందన్నాడు. చక్రాన్ని తోసిన నీళ్లు అవతల బయటపడి కాలవ దారి పట్టాయి.

అచ్చియ్యమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ కవ్వం తాడు లాగుతున్న చెయ్యి. వెన్న తీశాక చెయ్యి అలిసేది గానీ అరిగేది కాదు. అయితే ఈ నీళ్లు మజ్జిగ కాదు, చిలికే చెయ్యి. కరెంటుకి ఖర్చయ్యేది అవి దిగిన ఎత్తే. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

పరుగున వచ్చి రచ్చలో ఇదంతా చెప్పింది. సన్నినాయుడు చుట్ట నోట్లోంచి తీయకుండానే, "మజ్జిగలో నీళ్లు కలిపేదానివి, నీళ్ల సంగతి నువ్వు చెప్పాలటే" అన్నాడు. అందరూ నవ్వారు.

అచ్చియ్యమ్మ నవ్వలేదు. "కలిపేదాన్నే నాయుడుగారూ. ఈ పుకారు కలిపిందీ నేనే."

నాయుడు నోట్లోంచి చుట్ట తీసి ఒక పందెం పెట్టాడు. తన ఆకుమడిలో ఒక మూల నూతినీళ్లు, ఇంకో మూల ఆమె తెచ్చే పవర్‌హౌసు నీళ్లు. ఆమె మూల ఎండితే మళ్లీ ఆ ఊళ్లో కుండెత్తకూడదు, ఎండకపోతే తూము పలక ఎత్తించేస్తాడు.

మొదటిరోజు కుండ నిండింది, కొండ దిగింది, మడి తడిసింది. జనం అరుగుల మీంచి చూశారు. రెండోరోజు కుండ నిండింది, కొండ దిగింది, మడి తడిసింది. జనం గట్టు మీదికొచ్చి చూశారు. మూడోరోజు కుండ నిండింది, కొండ దిగింది, మడి తడిసింది. సన్నినాయుడు తనే మడిలోకి దిగి, ఆ మూల నించి ఒక మొక్క, ఈ మూల నించి ఒక మొక్క పీకాడు. వాసన చూశాడు. నమిలాడు. అటూ ఇటూ తిప్పి చూసేసరికి చేతిలో రెండూ కలిసిపోయాయి.

"ఏది ఏ మూలదే, అచ్చీ?"

"నాకూ తెలీదు నాయుడుగారూ. నేను చెప్పేదీ అదే కదా."

గట్టు మీద ఈలలు మోగాయి. తూము పలక లేచింది. అయితే నీళ్లు వదలమని కబురు చెయ్యాలంటే లాకుల దగ్గరున్న ఫోనెత్తాలి. ఊళ్లో ఎవరూ ఎప్పుడూ ముట్టని దాన్ని ఎత్తడానికి నాయుడూ జంకాడు. "పుకారు వదిలినదానివి నువ్వు. నీళ్లు వదలమనేదీ నువ్వే" అని ఆమెని ముందుకి తోశాడు.

అచ్చియ్యమ్మ పోయి ఎన్నేళ్లయిందో లెక్క తెలిసినవాళ్లు లేరు. ఇప్పటికీ ఆ ఊళ్లో కరెంటు దీపం పోయి మళ్లీ వెలిగితే, "అచ్చియ్యమ్మ చిలికింది" అంటారు. ఏటా తొలి నీళ్లకి తూముకి కవ్వం తాడు కడతారు. నీళ్లడిగే ఫోను మాత్రం ఆడమనిషే చెయ్యాలి, అదీ కుడిచెయ్యి కాలవలో తడుపుకుని.

ఎందుకంటే ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ చెయ్యి కుండ తడితోనే ఉంది. ఊరంతా వెనక నిలబడింది. నల్లటి ఆ ఫోను వంక చూసి, నోరు చేసిన పని నోటితోనే దిద్దుకోవాలనుకుని, భాస్కరానికి ఫోను చేద్దామని ఆమె ఆ తడిచెయ్యే చాపింది.