బట్టమేక పిట్టకు ఒక్క గుడ్డే ఎందుకు?

ఒకప్పుడు నల్లమల దిగువన ఉన్న గడ్డిబీళ్ళలో గొర్రెలు ఎన్నో, బట్టమేక పిట్టలు అన్ని. పొడుగాటి మెడ, గోధుమరంగు రెక్కలు, దొరసాని నడక. గడ్డిలో మెత్తగా గూడు కట్టుకుని నాలుగేసి గుడ్లు పెట్టేవి. మనిషి ఎదురొచ్చినా పక్కకు తప్పుకునేవి కావు.

ఆ బీళ్ళలో మద్దిలేటి అనే గొర్రెలకాపరి ఉండేవాడు. గడ్డిలో గూడు కనబడితే దాని చుట్టూ మూడు తెల్లరాళ్ళు పెట్టడం అతని అలవాటు. వెనక వచ్చే కాపరులు ఆ రాళ్ళు చూసి మందను పక్కకు తోలేవాళ్ళు. గుడ్ల మీద గిట్ట పడేది కాదు.

ఒక ఏడు ఒక తల్లిపిట్ట మేతకు వెళ్ళి వచ్చేసరికి గూట్లో గుడ్లు లేవు. రాళ్ళు మాత్రం ఉన్నాయి. ఏ పామో తినేసి ఉంటుందనుకుని ఇంకోచోట పెట్టింది. మళ్ళీ రాళ్ళు వచ్చాయి, మళ్ళీ గుడ్లు పోయాయి. పాముకు రాళ్ళతో ఏం పని? రాళ్ళు పెట్టని పక్కగూట్లో గుడ్లు నిక్షేపంగా ఉన్నాయే?

ఆ రోజు నుంచి పిట్ట మద్దిలేటిని ఓరకంట కనిపెట్టసాగింది. ఎందుకు వంగాడు? ఆ గొంగడిలో ఏం దాచాడు? సద్దిమూట అంత లావుగా ఉందేం? అతను నవ్వితే మరీ అనుమానం.

చివరికి ఉండబట్టలేక ఎదురెళ్ళి అడిగేసింది. మద్దిలేటి తెల్లబోయాడు. తల గోక్కుంటూ జరిగింది చెప్పాడు. దారినపోయే వేటగాడెవడో ఈ రాళ్ళేమిటని అడిగాడట. బీట్లో మాట్లాడే మనిషి దొరకడమే గొప్ప కదా, మనవాడు గూళ్ళ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడట.

"నేను ముట్టలేదక్కా. వాడు దొంగని నాకేం తెలుసు? ఇంక రాళ్ళు పెట్టను. నీ గూడు యాడుందో నాకొక్కనికే చెప్పు, నా మందను ఆ పక్కకు రానీయను."

"వానికి చెప్పినావు, రేపు ఇంకొకనికీ చెప్తావు అబ్బీ" అంది పిట్ట.

మద్దిలేటి చెప్పింది నిజమే. కానీ అనుమానం పెనుభూతం అన్నారు. అది పట్టుకున్నాక ఎదుటివాడి కళ్ళలోకి చూసేదెవరు?

పిట్ట దూరంగా వెళ్ళిపోయింది. గూడు కడితే కనిపెడతారని కట్టలేదు. నాలుగు పెడితే కళ్ళబడతాయని ఒక్కటే పెట్టింది, అదీ వట్టి నేల మీద. మొగుడికి కూడా చెప్పలేదు.

మూడోనాడు మద్దిలేటి మంద అటే వచ్చింది. తెలిసి ఉంటే పక్కకు తోలేవాడే. ముందు నడిచే పొట్టేలు కాలు సరిగ్గా గుడ్డు మీద పడింది. పగిలిన పెంకులు చూసి అతను అక్కడే కూలబడి ఏడ్చాడు.

"ఒక్క మాట చెప్పింటే సరిపోయేది కదక్కా" అన్నాడు.

గడ్డిచాటు నుంచి పిట్ట అంతా చూస్తూనే ఉంది. అతని వైపు ఒక అడుగు వేయబోయింది. అయినా లోపలి పురుగు ఊరుకోలేదు. నిజంగా తెలీకే తోలాడా? ఈ ఏడుపు కూడా నాటకమేమో? మెడ తిప్పుకుని నడిచి వెళ్ళిపోయింది. మరుసటేడు పుట్టిన ఒక్కగానొక్క పిల్లకు మొట్టమొదట నేర్పింది కూడా అదే, ఎవరినీ నమ్మొద్దని.

అప్పటినుంచే బట్టమేక పిట్ట గూడు కట్టడం మానేసి, ఏడాదికి ఒక్క గుడ్డే వట్టి నేల మీద పెడుతోంది. మనిషి అల్లంత దూరాన కనబడితే చాలు, తప్పుకుంటుంది. అలా తరిగి తరిగి, ఇవాళ ఆ బీళ్ళలో ఎవరైనా బట్టమేక పిట్టను చూశానంటే విన్నవాళ్ళు నమ్మడం లేదు.