హుసేన్‌బీ తలుపు

మెయిల్ మళ్ళీ తిరిగొచ్చింది. నూరుల్లా కంప్యూటర్ ముందు తల పట్టుకు కూర్చున్నాడు.

కర్నూలులో హబీబ్ బాబా ఇంటి వెనక గదిలో సొంత మెయిల్ సర్వర్ పెట్టింది ఈ శిష్యుడే. దుఃఖంలో ఉన్నవాళ్ళు బాబాకు రాస్తారు. బాబా చెప్పిన జవాబును నూరుల్లా టైపు చేసి పంపుతాడు. రావడానికి అన్నీ వస్తున్నాయి, పోవడమే లేదు. ఇళ్ళలోని సర్వర్ల నుంచి నేరుగా వచ్చే మెయిళ్ళను బయటి సర్వర్లు నమ్మక వెనక్కి తిప్పేస్తున్నాయి.

ఈసారి తిరిగొచ్చింది ఆదోనిలో కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లికి రాసిన జవాబు.

"వేరే దారి లేదా నాయనా?" అన్నాడు బాబా.

"ఉంది బాబా. ఇంటర్నెట్ కంపెనీ సర్వర్‌కి అప్పగిస్తే అది చేరవేస్తుంది. రిలే అంటారు. ఇంత కష్టపడి సర్వర్ పెట్టుకుని, మళ్ళీ ఇంకొకర్ని బతిమాలుకోవడం ఎందుకు? మన మాట మన పేరు మీదే పోవాలి."

బాబా లేచాడు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో వేడి గంజి పోసుకొచ్చాడు.

"హుసేన్‌బీకి జ్వరమంట. ఇచ్చిరా."

హుసేన్‌బీ వీధి చివర ఒంటరిగా ఉండే ముసలామె. నూరుల్లా తలుపు తట్టాడు.

"ఎవురు?"

"నూరుల్లానమ్మా. బాబా పంపినాడు."

"ఏ నూరుల్లా? నాకు తెల్దు. పో నాయనా."

ఎంత పిలిచినా మళ్ళీ పలకలేదు. గిన్నెతో తిరిగొచ్చాడు.

బాబా గిన్నె తాకి చూసి, గంజిని మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. అది వేడెక్కేసరికి, వీధిలో రోజూ ఇంటింటికీ పాలుపోసే ఈరమ్మ వచ్చింది. గిన్నె ఆమె చేతికిచ్చి, నూరుల్లాను కూడా వెళ్ళమని సైగ చేశాడు.

"అవ్వా, నేను ఈరమ్మని..."

మాట పూర్తికాకముందే గడియ తీసిన చప్పుడు.

ఈరమ్మ అందించిన గిన్నెను ముసలామె జ్వరంతో సరిగ్గా పట్టుకోలేకపోయింది. నూరుల్లా చప్పున కూర్చుని గిన్నె కింద చెయ్యి పెట్టాడు. ఆమె గోడకానుకుని అడుగంటా తాగింది. పైట చెంగుతో మూతి తుడుచుకుని అప్పుడు చూసింది అతన్ని.

"ఈ పిల్లోడెవురే?"

"బాబా కాడుంటాడవ్వా."

"సరిగ్గా కూచో నాయనా," అంటూ చాప మీద కాస్త జరిగింది.

ఇంటికొచ్చి నూరుల్లా మాట్లాడకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మెయిళ్ళన్నీ కంపెనీ సర్వర్ మీదుగా పోయేలా మార్చాడు. ఆదోని జవాబు మళ్ళీ పంపాడు. ఈసారి అది తిరిగి రాలేదు.

సాయంత్రానికి ఆ తల్లి రాసింది. నూరుల్లా బాబాకు చదివి వినిపించాడు.

"అందింది బాబా. ఇవాళ కొంచెం అన్నం తిన్నాను."

బాబా అతని వైపు తిరిగాడు.

"ఎవరి చేతి మీదుగా వచ్చిందని అడిగిందా?"

నూరుల్లా తల అడ్డంగా ఊపి, కళ్ళు తుడుచుకున్నాడు.